ఓడ దిగిన బండిని చెన్నై నుంచి హైదరాబాద్ ఇంటికి నడుపుకుంటూ తెచ్చుకోవడం ఎలా

"అన్నా, యూరప్‌లో తిరగడం అయిపోయింది, బండిని ఓడెక్కించేశాను, చెన్నైలో దిగుతుందట, ఆ తర్వాత ఏం చేయాలి?" ఈ మధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను నా బైకును దుబాయ్‌కి ఓడలో పంపి, అక్కడి నుంచి ఇరాన్, తుర్కియే మీదుగా యూరప్ వెళ్లి, చివర్లో హాంబర్గ్‌లో చెక్క పెట్టెలో పెట్టి చెన్నైకి పంపించాను. నేను విమానంలో ముందే వచ్చేశాను. అన్ని వేల కిలోమీటర్లలో పడని ఇబ్బందులు చెన్నై నుంచి ఇంటికి వచ్చే ఆ 630 కిలోమీటర్లలో పడ్డాను. దానికి కారణం రోడ్డు కాదు. విమానం దిగిన రోజే నా మనసులో ప్రయాణం అయిపోయింది. బండి మాత్రం ఇంకా దారిలోనే ఉంది. మీకు కూడా ఇలాగే అవుతుంది, కాబట్టి ఈ చివరి ముక్కను కొత్త ప్రయాణం అనుకుని మొదటి నుంచి సిద్ధపడండి.

ఒక్క మాట ముందే చెప్తాను. ఇది మన దేశంలో రిజిస్టర్ అయి, కార్నే (సుంకం కట్టకుండా బండిని కొన్నాళ్లు వేరే దేశాల్లో తిప్పుకోవడానికి ఆటోమొబైల్ సంఘం ఇచ్చే పుస్తకం) మీద బయటికి వెళ్లి, అదే కార్నే మీద తిరిగి వస్తున్న బండి గురించి. విదేశంలో కొన్న బండిని తెచ్చుకోవడం పూర్తిగా వేరే వ్యవహారం, సుంకం లెక్కలే వేరు, దాన్ని ఇందులో కలపడం లేదు.

కావలసినవి

కాగితాలు: పాస్‌పోర్టు (మీరు దేశం నుంచి వెళ్లిన, తిరిగొచ్చిన ముద్రల పేజీల నకళ్లు కూడా), ఆర్‌సి, లైసెన్సు, కార్నే పుస్తకం అసలు, ఓడ కంపెనీ ఇచ్చిన బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే రసీదు), వెళ్లేటప్పుడు ఇక్కడి కస్టమ్స్ ఇచ్చిన కాగితాలు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. అన్నిటికీ మూడేసి జిరాక్సులు తీసి పెట్టుకోండి.

పనిముట్లు: మేకులు పీకే కడ్డీ, సుత్తి, కటింగ్ ప్లయర్, మీ బండి ఇరుసుకు సరిపోయే స్పానర్, ఆలెన్ కీల సెట్, చిన్న మల్టీమీటర్, గాలి కొలిచే గేజ్, చిన్న పంపు, పంక్చర్ కిట్, చైన్ లూబ్, పాత గుడ్డలు, మందపాటి చేతి తొడుగులు. చిన్న అయస్కాంతం ఒకటి పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

మనిషి: ఇంకో మనిషి కావాలి. తమ్ముడో స్నేహితుడో, ఎవరైనా సరే. ఒంటరిగా పెట్టె విప్పకండి.

సమయం: చెన్నైలో కనీసం మూడు పనిదినాలు, రోడ్డు మీద రెండు రోజులు. శని, ఆదివారాలు, పండగలు చూసుకుని వెళ్లండి. సంక్రాంతి వారంలో వెళ్తే అటు పొంగల్ సెలవులు, ఇటు హైవే మీద ఊళ్లకు పోయే కార్లు, రెండు వైపులా ఇబ్బందే.

1. ఓడ రాకముందే పేర్లు సరిచూసుకోండి

మన తెలుగువాళ్లకు ఎక్కువగా తగిలే చిక్కు ఇదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆర్‌సిలో పొడి అక్షరమే ఉంటుంది, కార్నేలో పేరు ముందు ఇంటిపేరు వెనక ఉంటుంది, అక్కడి ఓడ ఏజెంటు ఇవన్నీ చూసి అయోమయపడి తనకు తోచినట్టు బిల్ ఆఫ్ లేడింగ్‌లో కొడతాడు. నాకు ఇలాగే జరిగింది. ఒక్క పేరు సవరణ కోసం నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది, ఆ నాలుగు రోజుల గోడౌన్ అద్దె నా జేబులోంచే పోయింది.

అందుకే ఓడ బయల్దేరే ముందు బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టు పంపమని అడగండి. మూడు చూసుకోండి: పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉందా, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సితో, కార్నేతో కలుస్తున్నాయా, సరుకు వివరం దగ్గర వాడిన బండి, కార్నే మీద తిరిగి వస్తోంది అని రాశారా. ఓడ కదలకముందు దిద్దించడం తేలిక. ఇక్కడ దిగి, వివరాలు కస్టమ్స్‌కి చేరాక దిద్దించాలంటే ప్రతిదానికీ అర్జీ, రుసుము, ఎదురుచూపు.

కార్నే గడువు ఏడాది. ఓడ ఆలస్యమైతే గడువు దాటుతుందేమో లెక్క వేసుకోండి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం మొదలైంది, దాంతో యూరప్ నుంచి మన దగ్గరికి పట్టే సమయం వారాల కొద్దీ పెరిగింది. ఏజెంటు చెప్పిన తేదీకి ఇంకో నెల కలుపుకుని చూడండి. గడువు దగ్గర పడుతుంటే కార్నే ఇచ్చిన సంఘానికి వెంటనే రాయండి, దాటాక రాస్తే పని కాదు.

2. పిలుపు వచ్చాకే చెన్నై రైలెక్కండి

"ఓడ వచ్చింది" అనే మాటకూ "మీ పెట్టె చేతికి వస్తుంది" అనే మాటకూ మధ్య చాలా దూరం ఉంది. మీ బండి ఒక్కటే కంటైనర్‌లో రాదు, పదిమంది సరుకుతో కలిసి వస్తుంది. రేవు నుంచి కంటైనర్ గోడౌన్‌కి పోవాలి (ఈ గోడౌన్లు ఎక్కువగా మనలి, మాధవరం వైపు ఉంటాయి), అక్కడ తెరిచి ఎవరి సరుకు వారిది వేరు చేయాలి. అది అయ్యాకే మీ పని మొదలవుతుంది.

కస్టమ్స్ బ్రోకర్‌ని, అంటే కస్టమ్స్ పనులు మన తరఫున చేసిపెట్టే ఏజెంటుని, తప్పకుండా పెట్టుకోండి. సొంతంగా చేసుకునేవాళ్లు లేకపోలేదు గానీ, రాజాజీ సాలైలోని కస్టమ్ హౌస్‌కీ గోడౌన్‌కీ మధ్య ఆ ఎండలో తిరిగి తిరిగి, ఆ అలసటతోనే బండెక్కడం నాకు మంచిది అనిపించదు. బ్రోకర్‌ని ఎంచుకునేటప్పుడు అడగాల్సింది రేటు కాదు, "ఇంతకుముందు కార్నే మీద తిరిగొచ్చిన బండి చేశారా?" అని. చేశానంటే ఎప్పుడు, ఏ బండి అని అడగండి. తర్వాత ఖర్చులు విడివిడిగా రాసిమ్మనండి: ఓడ కంపెనీ డెలివరీ ఆర్డర్‌కి (సరుకు మీకు ఇవ్వమని రాసిచ్చే కాగితానికి) ఎంత, గోడౌన్‌కి ఎంత, వాళ్ల ఫీజు ఎంత, జీఎస్టీ ఎంత, ఎన్ని రోజుల దాకా అద్దె లేదు. "మొత్తం ఇంత అవుతుంది సార్" అని ఒకే అంకె చెప్పేవాళ్ల దగ్గర చివర్లో ఆ అంకె పెరుగుతుంది.

బ్రోకర్ "రేపు పరీక్షకు పెడుతున్నాం" అన్న రోజే రాత్రి రైలెక్కండి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ లాంటి రైలైతే పొద్దున్నే దిగుతారు. హెల్మెట్, జాకెట్, బూట్లు, పనిముట్లు అన్నీ వెంట తీసుకెళ్లండి. వీటిని పెట్టెలోనే పెట్టి పంపినవాళ్లున్నారు, వాటి గురించి కస్టమ్స్‌లో వేరే ప్రశ్నలు వస్తాయి, తేమకు బూజు పట్టి ఉంటాయి కూడా.

3. పరీక్ష దగ్గర మీరే ఉండండి

అధికారి చూసేది ప్రధానంగా ఒక్కటే, వెళ్లిన బండీ వచ్చిన బండీ ఒకటేనా అని. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చూస్తారు. నెలల తరబడి మట్టి, చైన్ గ్రీజు పట్టిన బండి మీద ఛాసిస్ నంబరు కనపడదు, కాబట్టి పంపే ముందే అక్కడ శుభ్రంగా రుద్ది, ఫోటో తీసుకోండి. బయట ఇంజిన్ భాగాలు మార్పించుకుని ఉంటే బిల్లులు దగ్గర పెట్టుకోండి.

ఇక్కడ తప్పకుండా చేయాల్సిన పని, కార్నేలో మన దేశానికి తిరిగొచ్చినట్టు ముద్ర, సంతకం, తేదీ వేయించుకోవడం. బండి చేతికొచ్చిన సంబరంలో దీన్ని మర్చిపోయి, హైదరాబాద్ వచ్చాక మళ్లీ చెన్నై వెళ్లినవాళ్లు నాకు తెలుసు. గేటు దాటే ముందు పుస్తకం తెరిచి మీ కళ్లతో చూసుకోండి. ముద్ర మీద తేదీ చదవగలిగేలా ఉందా, సంతకం ఉందా చూసి, ఆ పేజీని ఫోటో తీసుకున్నాకే కదలండి.

4. పెట్టె విప్పడం

తొందర వద్దు. చుట్టూ కూలీలు నిలబడి "సీక్రం సార్" అంటుంటారు, అయినా సరే.

ముందు పెట్టె బయట నాలుగు వైపులా ఫోటోలు. చెక్క విరిగి ఉంటే, తడిసిన మరక ఉంటే దగ్గరగా తీయండి. దెబ్బ కనపడితే అప్పుడే గోడౌన్ వాళ్లతో కాగితం మీద రాయించుకోండి, గేటు దాటాక మీ మాట ఎవరూ వినరు.

పై మూత, తర్వాత పక్కలు, చివర్లో ముందు వైపు. పీకిన ప్రతి మేకూ ఒక డబ్బాలో వేయండి. అయస్కాంతం ఇందుకే తెమ్మన్నాను: బండి కదిపే ముందు కింద నేలంతా దానితో ఒకసారి తుడవండి. నేను తుడవలేదు. వేల కిలోమీటర్లు పంక్చర్ లేకుండా తిరిగిన వెనక టైరు, సొంత పెట్టె మేకు దిగి గోడౌన్ గేటు దగ్గరే కూర్చుంది.

పట్టీలు విప్పేటప్పుడు ఒక వైపువి మొత్తం ఊడదీయకండి. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) కిందికి నొక్కి కట్టి ఉంటుంది, ఒక వైపు వదిలితే బండి రెండో వైపుకు ఎగిరి పడుతుంది. ఒకరు హ్యాండిల్ పట్టుకుని నిలబడాలి, ఇంకొకరు కుడి ఎడమ కొంచెం కొంచెంగా వదులుతూ రావాలి.

ముందు చక్రం ఊడదీసి పంపి ఉంటే ఇప్పుడు బిగించాలి. ఇరుసు బిగించాక బండిని కిందికి దించి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి వదలండి, ఆ తర్వాతే ఫోర్కు కింద ఇరుసును పట్టి ఉంచే పిడి బోల్టులు బిగించండి. ఈ వరుస తప్పితే ఫోర్కు కాళ్లు వంకరగా కూర్చుంటాయి, బండి ఒక వైపుకు లాగుతుంది. ఎంత బిగువు అన్నది మీ బండి మాన్యువల్ చూసే చేయండి, అందాజు వద్దు.

5. బండి లేపడం

ముందు బ్రేకు. స్టార్ట్ చేయడం కన్నా ముందు ఇది. చక్రం ఊడదీసినప్పుడు బ్రేకు ప్యాడ్లు లోపలికి తోసి ఉంటారు, మొదటిసారి లివర్ నొక్కితే అది హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేకు అసలు పట్టదు. లివర్ గట్టిపడేదాకా పది పదిహేను సార్లు పంపు చేయండి. వెనక బ్రేకు కూడా అంతే. డిస్కు మీద పల్చటి తుప్పు పొర ఉంటే భయపడక్కర్లేదు, నెమ్మదిగా నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది.

తర్వాత బ్యాటరీ. తీగలు కలిపే ముందు మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయినా లేస్తుంది. 12 కన్నా తక్కువైతే స్టార్టర్‌ని వేధించకుండా దగ్గర్లో ఏదైనా బ్యాటరీ షాపులో చార్జింగ్ పెట్టించండి. ముందు ప్లస్ తీగ, తర్వాత మైనస్. ఇంజిన్ లేచాక మళ్లీ కొలవండి: కొంచెం రేస్ చేసినప్పుడు 13.5కీ 14.5కీ మధ్య చూపించాలి. చూపించకపోతే బ్యాటరీ చార్జ్ కావడం లేదు, ఆ బండితో చెన్నై దాటొద్దు.

పెట్రోలు. ఓడెక్కించే ముందు ట్యాంకు దాదాపు ఖాళీ చేయిస్తారు. గోడౌన్ లోపల పెట్రోలు పోయనివ్వరు, ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్తామంటే బంకుల్లో ఇవ్వరు. దగ్గరి బంకు దాకా తోసుకెళ్లాలి, లేకపోతే చిన్న ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. నా సలహా ట్రాలీయే. బండిని నేరుగా తెలిసిన మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లి అక్కడ నీడలో, ప్రశాంతంగా మిగతా పని చేసుకోండి. ఆ కంటైనర్ లారీల రోడ్డు మీద 200 కిలోల బండిని ఎండలో తోయడం ఎవరి వల్లా కాదు. ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు నెలల పాటు తేమ పీల్చుకుని ఉంటుంది, దాన్ని తీసేసి కొత్తది పోయించండి. మన దగ్గర ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే, మైలేజీ కొంచెం తగ్గుతుంది, రిజర్వు దాకా ఎన్ని కిలోమీటర్లు అన్న మీ యూరప్ లెక్క పక్కన పెట్టండి.

టైర్లు: చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవండి, సామానుతో వెళ్లేటప్పుడు ఎంత ఉండాలో చైన్ దగ్గరో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) మీదో స్టిక్కర్ ఉంటుంది. టైరు మీది గాడుల మధ్యలో ఉండే చిన్న దిమ్మెల దాకా అరిగి ఉంటే చెన్నైలోనే మార్చేయండి. "ఇంకో 600 కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. వర్షంలో నెల్లూరు దగ్గర ఆ మాట గుర్తొస్తుంది.

చైన్: ఉప్పు గాలికి ఎర్రబడి, లింకులు బిగుసుకుని ఉంటాయి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, లూబ్ కొట్టి, చక్రం మొత్తం ఒకసారి తిప్పి అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట సాగుడు కొలవండి. వదులుగా ఉన్న చోట కొలిచి సరిచేస్తే, బిగువు చోట చైన్ తెగేంత లాగుతుంది.

ఫోర్కు సీళ్లు: నొక్కి కట్టిన స్థితిలో వారాల పాటు ఉంటాయి కాబట్టి ఆయిల్ కారొచ్చు. ఫోర్కు గొట్టం పొడి గుడ్డతో తుడిచి, పదిసార్లు నొక్కి వదలండి. నూనె గీత కనపడితే సీలు పోయినట్టే. కొంచెం చెమ్మగా ఉంటే ఇంటిదాకా రావచ్చు. కారి బ్రేకు మీద పడుతుంటే మాత్రం బాగుచేయించాకే బయల్దేరండి.

చివరగా ఇంజిన్ ఆయిల్, హెడ్‌లైటు, ఇండికేటర్లు, బ్రేకు లైటు. యూరప్‌లో ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా హెడ్‌లైటుకి టేపు అతికించి ఉంటే ఇప్పుడు తీసేయండి. ఏబీఎస్ లైటు బండి కొంచెం కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే ముందు చక్రం బిగించినప్పుడు సెన్సర్ తీగ ఎక్కడో నలిగిందేమో చూడండి.

ఇంకో మాట, ఇన్సూరెన్సు. మీరు దేశంలో లేని నెలల్లో గడువు అయిపోయి ఉండొచ్చు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా. రెండూ ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు, ఇన్సూరెన్సు అక్కడే కొనుక్కోవచ్చు, పొల్యూషన్ బంకు దగ్గర చేయించుకోవచ్చు. ఇన్సూరెన్సు లేకుండా మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

6. మొదటి 50 కిలోమీటర్లు

బండి సిద్ధమయ్యేసరికి ఎలాగూ సాయంత్రం అవుతుంది. ఆ రాత్రి చెన్నైలోనే పడుకోండి. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే రెడ్‌హిల్స్ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు.

ఇక్కడ అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం చెప్తాను. యూరప్‌లో కుడి వైపు నడిపి ఉంటారు. మీరు ఇంటికొచ్చి నెల రెండు నెలలు అయి ఉండొచ్చు, ఇక్కడ కారు, స్కూటీ మామూలుగానే నడిపి ఉండొచ్చు, ఆ అలవాటు పోయిందనుకుంటారు. కానీ అదే బండి, అదే హ్యాండిల్, అదే హెల్మెట్ లోపలి వాసన రాగానే పాత అలవాటు తిరిగొస్తుంది. గుమ్మిడిపూండి దగ్గర ఒక బంకులోంచి బయటికి వస్తూ, ఖాళీగా ఉన్న సర్వీసు రోడ్డు మీద నాకు తెలియకుండానే కుడి పక్కకు వెళ్లిపోయాను. ఎదురుగా పాల వ్యాను వచ్చేదాకా తప్పు చేస్తున్నానని కూడా తోచలేదు. వాహనాలు ఉన్నప్పుడు వాటి వెంట పోతాం కాబట్టి ఫర్వాలేదు. ఖాళీ రోడ్డు, బంకు గేటు, యూటర్న్, టీ తాగి మళ్లీ ఎక్కే క్షణం, ఇవే గండాలు. ట్యాంకు మీద కళ్లకు కనపడేచోట ఎడమ వైపుకు బాణం గీసిన టేపు ముక్క అతికించండి. చిన్న పనే గానీ ప్రాణం కాపాడుతుంది.

తడ దాటాక ఆగి మళ్లీ మొత్తం చూడండి: ఇరుసు బోల్టులు, బ్యాగుల పట్టీలు, ఫోర్కు దగ్గర నూనె, బ్యాటరీ వోల్టులు. ఒక్కో చక్రం నడిమధ్య ఉండే దిమ్మె (హబ్) దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి, ఒకటి బాగా కాలిపోతుంటే ఆ వైపు బ్రేకు పట్టేసిందన్నమాట. ఈ తనిఖీ పాసైతేనే ముందుకు. కాకపోతే సూళ్లూరుపేటలో మెకానిక్‌లు ఉన్నారు.

7. మొదటి రోజు ఒంగోలు దాకా చాలు

చెన్నై నుంచి నెల్లూరు దాదాపు 175 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఒంగోలు ఇంకో 120. రోడ్డు బాగుంటుంది, అందుకే ఒకే రోజులో ఇల్లు చేరాలనిపిస్తుంది. వద్దు. సగం దారిలో, పగలే ఆగిపోండి.

టోల్‌గేట్ల దగ్గర బైకులకు రుసుము లేదు, ఎడమ అంచున సందు ఉంటుంది. ఆ సందులో ఇసుక, ఆయిల్ ఉంటాయి, నెమ్మదిగా పోండి.

యూరప్ హైవేలకు అలవాటుపడ్డ కళ్లకు ఇక్కడ కొన్ని కొత్తగా కనిపిస్తాయి. డివైడర్ సందులోంచి ఎదురొచ్చే ట్రాక్టరు, వెనక లైటు లేని లారీ, కోతల రోజుల్లో సర్వీసు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు, పొద్దు వాలే వేళ ఇంటికి పోయే గేదెలు. ఒంగోలు దగ్గరకొచ్చేసరికి చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలు. వాటి వెనక అసలు ఉండకండి, దాటేయండి లేదా బాగా దూరం వదలండి.

కాలం కూడా చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరం వానలది, తుపాన్లది. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, హైవే మీద వాహనాలు ఆగిపోయాయి. తుపాను హెచ్చరిక ఉంటే చెన్నైలోనే రూము పొడిగించుకోండి.

మధ్యాహ్నం నెల్లూరులో భోజనం చేస్తారు కదా, చేపల పులుసుతో కడుపు నిండా తిని వెంటనే ఎక్కితే కావలి రాకముందే కళ్లు మూతలు పడతాయి. సగం కడుపు తినండి, లేకపోతే తిన్నాక గంట పడుకుని బయల్దేరండి.

8. రెండో రోజు, రెండు దారులు

ఒంగోలు దాటాక మేదరమెట్ల దగ్గర ఎడమకు తిరిగితే అద్దంకి, పిడుగురాళ్ల, దాచేపల్లి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్గొండ, నార్కెట్‌పల్లి. దూరం తక్కువ, నేను వచ్చింది ఇదే. పిడుగురాళ్ల, దాచేపల్లి చుట్టుపక్కల సున్నం, సిమెంటు లారీల దుమ్ము ఉంటుంది, హెల్మెట్ అద్దం తుడుచుకోవడానికి తడి గుడ్డ పెట్టుకోండి.

రెండోది నేరుగా గుంటూరు, విజయవాడ వెళ్లి కోదాడ, సూర్యాపేట మీదుగా. దూరం ఎక్కువే గానీ దారి పొడవునా షెడ్లు, హోటళ్లు ఉంటాయి. బండి మీద నమ్మకం పూర్తిగా లేకపోతే ఈ దారే మంచిది.

ఏప్రిల్, మే అయితే ఏ దారైనా పల్నాడు, నల్గొండ ఎండ ఒకటే. 44, 45 డిగ్రీలు పడతాయి. నాలుగున్నరకు బయల్దేరి పదకొండుకల్లా ముగించుకునేలా చూసుకోండి. మెష్ జాకెట్ లోపల బనియన్ తడుపుకుంటే అరగంట చల్లగా ఉంటుంది. ఎండ భరించలేక జాకెట్ విప్పేసి నడపడం మాత్రం చేయకండి.

9. చౌటుప్పల్ నుంచి ఇంటిదాకా

ఈ 50, 60 కిలోమీటర్లు నిజంగా కష్టం. అలసట ఉంటుంది, ఇల్లు దగ్గర పడిందన్న తొందర ఉంటుంది, ఫోన్ మోగుతూనే ఉంటుంది.

ఇంట్లోవాళ్లకు టైము చెప్పకండి. "సాయంత్రం వస్తాను, సిటీలోకి వచ్చాక నేనే చేస్తాను" అంతే చెప్పండి. నేను "పన్నెండుకల్లా ఉంటానమ్మా" అన్నాను. అమ్మ పదకొండు నుంచి గేటు దగ్గర నిలబడిందని చెల్లి ఫోన్‌లో చెప్పింది. ఆ మాట విన్నాక చౌటుప్పల్ నుంచి నేను నడిపిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది. లారీల మధ్య సందుల్లో దూరాను, ఆ ప్రయాణం మొత్తంలో ఎక్కడా అలా నడపలేదు.

కాబట్టి చౌటుప్పల్‌లో తప్పనిసరిగా ఆగండి. హెల్మెట్ తీసి, మొహం కడుక్కుని, టీ తాగి, ఇరవై నిమిషాలు కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. స్నేహితులు హయత్‌నగర్ నుంచి బైకుల మీద వెంట వస్తామంటే వద్దనండి, నేరుగా ఇంటికి రమ్మనండి. పక్కన నడుపుతూ వీడియో తీసేవాళ్లను చూసుకుంటూ ఎల్బీనగర్ ట్రాఫిక్ దాటడం మంచిది కాదు.

10. ఇంటి ముందు

హారతి ఇస్తారు, దిష్టి తీస్తారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, గుమ్మడికాయ కొడతారు. అన్నీ చేయించుకోండి, ఇన్నాళ్లు మీకోసం ఎదురుచూసినవాళ్లు వాళ్లు. రెండే జాగ్రత్తలు. దిష్టి నీళ్లు బండి మీద పోయకుండా పక్కన పోయమనండి, కాలి ఉన్న డిస్కు మీద, సైలెన్సర్ మీద చల్లని నీళ్లు పడితే వంకర పోవడమో పగుళ్లో రావచ్చు. గుమ్మడికాయ ముక్కల మీదుగా బండి నడపకండి, చాలా జారుతుంది, స్టాండు వేసి దిగాకే కొట్టమనండి.

మర్నాడు మామూలు నీళ్లతో, ఎక్కువ ప్రెషర్ లేకుండా కింద నుంచి పైదాకా కడగండి. ఉప్పు తేమ బోల్టుల సందుల్లో, రేడియేటర్ రెక్కల్లో ఉండిపోతే ఆరు నెలల్లో తుప్పు బయటపడుతుంది. ఇంజిన్ ఆయిల్, బ్రేకు ఆయిల్ రెండూ మార్పించండి.

11. వారం లోపు కార్నే వెనక్కి పంపండి

బండి ఇంటికి చేరినా, కార్నే తీసుకునేటప్పుడు మీరు పెట్టిన డిపాజిట్ లేదా బ్యాంకు గ్యారంటీ ఇంకా ఆ సంఘం దగ్గరే ఉంది. పుస్తకం పంపే ముందు ప్రతి పేజీ తిరగేయండి. ఏ దేశం పేజీలోనైనా లోపలికి వెళ్లిన ముద్ర ఉండి, బయటికి వచ్చిన ముద్ర లేకపోతేనే చిక్కు. యూఏఈ, ఇరాన్ పేజీలు ప్రత్యేకంగా చూడండి. యూరప్ దేశాల్లో సాధారణంగా కార్నే అడగరు, వాటికి పేజీ వాడి ఉండరు, అది తప్పు కాదు. ఎక్కడైనా బయటికి వచ్చిన ముద్ర తప్పిపోయి ఉంటే, బండి ఇప్పుడు ఇక్కడే ఉందని కస్టమ్స్ అధికారి చేత ధృవీకరించే పేజీ పుస్తకం చివర్లో ఉంటుంది, దాన్ని ఎలా నింపించాలో కార్నే ఇచ్చినవాళ్లనే అడగండి.

అన్ని పేజీలూ స్కాన్ చేసి పెట్టుకున్నాకే స్పీడ్ పోస్టులోనో, వీలైతే స్వయంగానో అప్పగించి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. బ్యాంకు గ్యారంటీ అయితే విడుదల ఉత్తరం మీ చేతికి రావడంతో సరిపోదు, దాన్ని బ్యాంకుకు ఇచ్చి, తాకట్టు ఎత్తేశారని మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ వివరాల్లో చూసుకోండి. నాది ఎత్తేశారనుకుని వదిలేస్తే, మూడు నెలల తర్వాత డబ్బు అవసరమై వెళ్లినప్పుడు ఇంకా తాకట్టులోనే ఉందని తెలిసింది.